వీలైనంత తక్కువగా

కూర్చోవడమనేది మనిషి వెనక్కి తిరిగి చూసుకోకుండా చేసే పని. కుర్చీ ఉండాల్సిన చోటే ఉంటుందన్న నమ్మకంతో ఒళ్ళు వదిలేస్తాడు. ఆ సోమవారం పొద్దున ఓబులేసు కూడా అలాగే వదిలాడు.

కుర్చీ తగలాల్సిన చోట తగల్లేదు.

ఇంకాస్త కిందికి వెళ్ళాడు. అప్పుడూ తగల్లేదు. చేతిలో పేపరు గాల్లోకి ఎగిరింది. నోట్లో దేవుడి పేరు సగం పలికేలోపల అడుగున ఎక్కడో చెక్క తగిలింది. మోకాళ్ళు రెండూ పైకి లేచి చెవుల పక్కన వచ్చి ఆగాయి.

"రాప్పా ఓబులేసూ, రా" అంది పక్కనుంచి ఒక గొంతు. అదీ కిందినుంచే వచ్చింది. పోస్టుమాస్టరుగా రిటైరైన మస్తానయ్య తన బొజ్జ వెనకాల నుంచి తల మాత్రం పైకెత్తి చూస్తున్నాడు. "నేను తెల్లారినప్పటి నుంచి కూర్చునే ఉండా. ఇష్టమై కాదులే."

"ఏమైంది కుర్చీలకు?"

"ఎవురో వచ్చి కాళ్ళు కోసి పోయినారు."

"దొంగలా?"

"దొంగలైతే కుర్చీలే ఎత్తుకపోదురు. కాళ్ళు మాత్రం కోసుకుపోయినారంటే మున్సిపాలిటోళ్ళే."

ఓబులేసు చుట్టూ చూశాడు. వీరభద్రపట్నం వయోవృద్ధుల విశ్రాంతి మందిరంలో ఉన్న టేకు కుర్చీలన్నీ సగం కాళ్ళతో, మోకాళ్ళ మీద కూర్చుని మొక్కుతున్నట్టు ఉన్నాయి. ఎదురుగోడకు కొత్తగా ఒక ఉత్తర్వు అంటించి ఉంది. లేచి వెళ్ళి చదువుదామనుకుని ఒకసారి ఊగాడు. రెండోసారి ఊగాడు. మూడోసారికి కుర్చీతో సహా పక్కకు ఒరిగి, మళ్ళీ యథాస్థానానికి వచ్చాడు.

"ఎందుకులే శ్రమ? నాకు కంఠతా వచ్చేసింది. పొద్దున్నుంచీ అదొక్కటే కనపడతాండాది" అని మస్తానయ్య కళ్ళు మూసుకుని అప్పజెప్పాడు. "కూర్చొనుట వృద్ధుల హృదయమునకు హానికరము. కావున వయోవృద్ధుల మందిరములందు కూర్చొనుట వీలైనంత తక్కువగా ఉండవలెను. దశలవారీగా సగమునకు తగ్గించవలెను. కూర్చున్నవారిని గంటకొకసారి లేపవలెను."

ఓబులేసుకు గుండెలో కలుక్కుమంది. అది మామూలు గుండె కాదు, స్టెంటు వేసిన గుండె.

ఓబులేసు ఆర్టీసీలో కండక్టరు. పల్లెవెలుగు బస్సులో ముప్పయ్యేళ్ళు నిలబడే బతికాడు. రిటైరైన మర్నాటి నుంచి ఆ నిలబడ్డదంతా వడ్డీతో సహా వసూలు చేసుకోవడం మొదలుపెట్టాడు. పొద్దున మందిరంలో కుర్చీ, మధ్యాహ్నం ఇంట్లో మంచం, సాయంత్రం టీవీ ముందు సోఫా. మొన్న దసరాకు ఆ సోఫాలోనే ఛాతీ పట్టేసింది. స్టెంటు వేసిన డాక్టరు ఒక్కటే మాట చెప్పాడు. "మందులు నేనిస్తాను, లేవడం మాత్రం మీరే లేవాలి. ఒక్కచోట అరగంట దాటి కూర్చోవద్దు. లేచి అటూ ఇటూ తిరగండి, కావలిస్తే మళ్ళీ కూర్చోండి. శ్రీరామనవమికి ముందు ట్రెడ్‌మిల్ పరీక్ష చేస్తాను. అందులో గట్టెక్కితే చెక్కలు పట్టండి, నాకేం అభ్యంతరం లేదు."

ఓబులేసుకు ప్రాణం ఆ చెక్కల్లోనే ఉంది. నవమినాడు ఊళ్ళో చెక్కభజన ఆడతారు. రెండు చేతుల్లో చెక్కలు టకటకలాడిస్తూ, పాడుతూ, గుండ్రంగా తిరుగుతూ, అడుగుకొకసారి గొంతుక్కూర్చుని లేస్తూ ఆడే ఆట. జట్టును నడిపించే గురువు ఓబులేసు. అతను లేకపోతే ఆ స్థానం కదిరప్పకు పోతుంది. కదిరప్ప తాళం ఎప్పుడూ పాటకు ఒక అడుగు వెనక ఉంటుంది. జట్టంతా అయోధ్య చేరినా కదిరప్ప ఇంకా లంకలోనే ఉంటాడు.

భార్య చెన్నమ్మ ఆ చెక్కల్ని బీరువాలో పెట్టి తాళం వేసి, తాళంచెవి బొడ్లో దోపుకుంది. "డాక్టరు కాయితం తెచ్చి చూపిస్తే చెక్కలు. ల్యాకుంటే కదిరప్ప" అని తేల్చేసింది.

అలాంటి గుండెను తీసుకొచ్చి, లేవడానికి వీల్లేని కుర్చీలో ఇరికించారు.

టీ తెచ్చిన మనిషి ఒక చెయ్యి, ఊడ్చే ఆమె ఒక చెయ్యి పట్టి లాగితే ఇద్దరూ బయటపడ్డారు. తిన్నగా మున్సిపల్ ఆఫీసుకు నడిచారు.

కమిషనర్ పరంధామం గారు తువాలు పరిచిన తిరుగుడు కుర్చీలో, చాలా ఎత్తులో కూర్చుని ఉన్నారు.

"కూర్చోండి" అనబోయి, వచ్చినవాళ్ళ వయసు చూసి ఆగిపోయారు. "నిలబడండి. మీ ఆరోగ్యం దృష్ట్యా."

"సార్, మా కుర్చీలు..." అన్నాడు ఓబులేసు.

"మొదటి దశ విజయవంతంగా పూర్తయింది. మీ హర్షం ఊహించగలను."

"హర్షం కాదు సార్. తక్కువ కూర్చోమంటే ఎక్కువసేపు కూర్చోవద్దని గదా సార్. డాక్టరు కూడా అదే చెప్పినాడు."

పరంధామం గారు ఉత్తర్వు ప్రతిని బల్లమీద పరిచారు. "సేపు. ఈ 'సేపు' అనే పదం ఎక్కడున్నది? చూపించండి."

ఓబులేసు వెతికాడు. మస్తానయ్య కళ్ళజోడు పెట్టుకుని వెతికాడు. లేదు.

"లేదు కదా! ఉత్తర్వులో లేని పదాన్ని చదవడం క్రమశిక్షణారాహిత్యం క్రిందకు వస్తుంది. చదివే అధికారం నాకున్నది, చేర్చే అధికారం లేదు. కూర్చొనుట తక్కువగా ఉండవలెను. తక్కువ అనేది కొలత. కుర్చీకి ఉన్న కొలత ఎత్తు. సగమునకు తగ్గించవలెను. కాలాన్ని సగానికి కోసే పరికరం మా ఇంజనీరింగ్ విభాగం వద్ద లేదు. కుర్చీని కోసేది ఉన్నది."

"అట్ల కోస్తే మేం లేవలేం సార్!"

కమిషనర్ గారి మొహంలో మొదటిసారి చిరునవ్వు కనిపించింది. ఎదుటివాడు తనంతట తానే బోనులోకి నడిచి వచ్చినప్పుడు ప్లీడరు నవ్వే నవ్వు.

"ప్రభుత్వ దూరదృష్టిని మీరు గమనించలేదు. లేవలేరు. సరిగ్గా అందుకే నాలుగో వాక్యం. గంటకొకసారి లేపవలెను. మీరు మీ అంతట లేచేటట్లయితే, లేపవలెను అని ఎందుకు రాస్తారు?"



"ఒరే ఓబులేసూ" అన్నాడు మస్తానయ్య మెల్లిగా. "లెక్క సరిగ్గానే ఉన్నట్టుంది రా."

"అందుకే భయమేస్తాండాది" అన్నాడు ఓబులేసు.

"మరి మీరు సార్?" అని ఆ తిరుగుడు కుర్చీ వంక చూశాడు.

"నాకింకా అరవై రాలేదు" అన్నారు పరంధామం గారు. "వచ్చిన రోజున నేనూ దిగుతాను."

లేపడానికి మనుషులు వచ్చారు. మార్కెట్ యార్డులో వేరుశనగ బస్తాలు మోసే హమాలీలు ఇద్దర్ని టెండరు మీద తీసుకున్నారు. చొక్కాలకు బిళ్ళలు తగిలించారు. వాటి మీద 'ఉత్థాపన సహాయకుడు' అని రాసి ఉంది. అదేమిటో వాళ్ళకు తెలియదు. వాళ్ళలో పెద్దవాడు గంగిరెడ్డి మాత్రం పని క్షుణ్ణంగా తెలుసుకున్నాడు. గంట కొట్టగానే వచ్చి చంకల కింద చేతులు పెట్టి, "హైస్సా" అని ఎత్తి నిలబెట్టేవాడు. కొత్తలో ఒకటి రెండుసార్లు అలవాటు కొద్దీ భుజాన వేసుకుని వరండా చివరిదాకా తీసుకెళ్ళి దించాడు కూడా.

"బస్తా నయం పెద్దాయనా, మాట్లాడదు" అనేవాడు.

"బస్తాకు చక్కిలిగిలి ఉండదు గదరా" అనేవాడు మస్తానయ్య.

అంతా బాగానే ఉండేదేమో, గంగిరెడ్డి టీకొట్టు దగ్గర నిలబడి ఫోన్లో పెళ్ళాంతో గట్టిగా మాట్లాడకుండా ఉండి ఉంటే.

"యాడ కుదుర్తాదే? పొద్దున్నుంచి ఇరవై మంది ముసలోళ్ళను లేపేసినాం. ఇంకా నలుగురుండారు. ఒకాయన బో బరువు, ఇద్దరం కలిస్తేనే, ల్యాకుంటే లేపలేం. గవర్నమెంటే లేపమన్యాది, నాకేం భయం?"

టీ గ్లాసులన్నీ గాల్లోనే ఆగిపోయాయి. కాసేపట్లో జీపు వచ్చింది. ఎస్సై గారు తుపాకీ మీద చెయ్యేసి మందిరంలోకి దూకేసరికి, నేలబారున వరసగా ఒరిగి ఉన్న ముసలివాళ్ళు కనిపించారు. ఆయన టోపీ తీసేశాడు.

"అయ్యో! అందరూనా?"

"ఇంకా గంట కాలేదు నాయనా" అంది నేలబారు నుంచి మస్తానయ్య గొంతు. ఎస్సై గారు రెండడుగులు వెనక్కి వేసి గోడకు కరుచుకున్నారు.

ఆ రోజుతో ఓబులేసు ఒక నిర్ణయానికొచ్చాడు. కూర్చుంటేనే కదా లేపాల్సింది. అసలు కూర్చోకుండా ఉంటే?

మర్నాడు నిలబడే పేపరు చదివాడు. మస్తానయ్య కింది నుంచి, "పైకి చదువు, వినపడల్యా" అన్నాడు. పైకి చదివాడు. కాళ్ళు లాగితే వరండాలో తిరుగుతూ చదివాడు. వార్త సగంలో ఉండగా ఓబులేసు వరండా అవతలి కొసకు వెళ్ళిపోయేసరికి, బంగారం ధర పెరిగిందో తగ్గిందో తెలియక మస్తానయ్య విలవిల్లాడాడు. గంట కొట్టగానే గంగిరెడ్డి చేత లేపించుకుని, ఆ తర్వాత మళ్ళీ కూర్చోలేదు. ధర వెంట పడి తనూ తిరగడం మొదలుపెట్టాడు.

పది రోజులు తిరక్కుండానే మందిరంలో కూర్చునేవాడు లేకుండా పోయాడు. కూర్చుంటే గంట జైలు, అదే నిలబడితే స్వేచ్ఛ. క్యారంబోర్డును కిటికీ అరుగు మీదికి ఎక్కించారు. చదరంగం బీరువా నెత్తికెక్కింది. ఎత్తు వేయాలంటే మునివేళ్ళ మీద లేవాలి. హాలు హాలంతా సంతరోజు బస్సులా అయింది. ఆ రద్దీ చూసేసరికి ఓబులేసులో నిద్రపోతున్న కండక్టరు లేచి కూర్చున్నాడు. కాదు, లేచి నిలబడ్డాడు.

"ముందుకు జరగండి, ముందుకు! లోపల అంతా ఖాళీగా ఉండాది. ఓ తాతా, వాకిట్లో నిలబడితే ఎట్ల? దారియ్యి!"

"టికెట్టు తీసుకున్నా లేప్పా!" అని కేకలు వచ్చేవి. జనం నవ్వుకుంటూ ముందుకు జరిగేవాళ్ళు. జరిగి జరిగి హాలు చుట్టూ తిరిగి వచ్చేవాళ్ళు. మెట్లెక్కితే వచ్చే ఆయాసం ఎటు పోయిందో ఓబులేసుకు తెలియలేదు. మస్తానయ్య ప్యాంటుకు బెల్టు కావలసి వచ్చింది.

పని లేక గంగిరెడ్డి, అతని జతగాడూ ఆ పొట్టి కుర్చీల్లో కూర్చున్నారు. వాళ్ళను వాళ్ళే లేపుకునేవాళ్ళు.

సరిగ్గా ఆ సమయంలో పరంధామం గారు రెండో దశ కోత పర్యవేక్షణకు వచ్చారు. గుమ్మంలో నిలబడి చూశారు. మొహం పాలిపోయింది.

"ఏమిటిది? ఒక్కరూ కూర్చోలేదేమిటి?"

"తగ్గించినాం సార్" అన్నాడు ఓబులేసు గర్వంగా. "సగం కాదు, మొత్తం."

"మొత్తమా! నెలాఖరున రాష్ట్ర డైరెక్టరు గారు తనిఖీకి వస్తున్నారు. వృద్ధులు ఎంత తక్కువగా కూర్చున్నారో కొలిచి చూపాలి. మీరు కూర్చోకపోతే నేను దేన్ని కొలవను? తక్కువగా కూర్చోవలెనన్నా ముందు కూర్చోవలెను గదా! ఇది పథకానికి సహాయ నిరాకరణ. రేపటి నుండి ప్రతి సభ్యుడూ విధిగా కూర్చోవలెను. తనిఖీ రోజున హాజరై కూర్చోనివారి సభ్యత్వం రద్దు."

"సార్, గుండె..."

"గుండె కోసమే ఇదంతా!"

ఓబులేసు లోపల లెక్క చూసుకున్నాడు. తనిఖీ గురువారం. గుండె డాక్టరు జిల్లా కేంద్రం నుంచి ఊరికి వచ్చేదీ గురువారమే. అదీ మధ్యాహ్నం దాకానే. నవమికి ముందు అదే ఆఖరి గురువారం.

ఆ సంగతి విన్నాక చెన్నమ్మ బొడ్లో తాళంచెవి తడిమి చూసుకుంది. "సభ్యత్వం పోతే పోనీ. పోవద్దు అక్కడికి."

"పోకుంటే మస్తానయ్య వాళ్ళను వదిలేసినట్టు కాదూ? నేను పోకుంటే వాడూ పోడు. ఆ మందిరం పోతే వాడు ఇంట్లో సోఫాలో పడతాడు. నా మాదిరే."

"సరే, పో. అక్కడే ఇరుక్కుపోతే నవమికి కదిరప్ప అడుగులు చూసుకుంటా కూర్చో."

గురువారం వచ్చింది. మందిరం ముందు షామియానా వేశారు. మూడో దశ కూడా పూర్తయింది. కుర్చీలకు ఇక కాళ్ళనేవి లేవు, ఆనవాళ్ళు మాత్రం ఉన్నాయి. వేదిక మీది సోఫాలను ఆదర్శం కోసం ఇంకా కింద దాకా కోయించారు. ఆదర్శం కోసమే పరంధామం గారు తన వయసుకు ఆరు నెలల సడలింపు తానే మంజూరు చేసుకున్నారు. ఓబులేసును ముందువరసలో, 'ఆదర్శ లబ్ధిదారుడు' అన్న రిబ్బను కట్టి కూర్చోబెట్టారు. ఎదురుగా గోడ గడియారం ఉంది. పరీక్షకు వెళ్ళాల్సిన వేళ దగ్గర పడుతోంది.

డైరెక్టరు డాక్టర్ వైదేహి గారు వచ్చారు. సోఫా ముందు నిలబడి నమస్కారం చేసి, నమ్మకంతో ఒళ్ళు వదిలారు. సోఫా తగలాల్సిన చోట తగల్లేదు. ఇంకాస్త కిందికి వెళ్ళారు. సభలోని వాళ్ళందరికీ ఆ ప్రయాణం తెలుసు. చివరికి బల్ల వెనకాల ఆమె నెత్తి మాత్రం కనిపిస్తుండగా ఆగింది.

"సంప్రదాయంగా కింద కూర్చునే బైఠక్ ఏర్పాటు చేశారా? బాగుంది" అన్నది మైకులోంచి ఆమె గొంతు.

కమిషనర్ గారి నెత్తి దాని పక్కనే తేలింది. "మీ దయ మేడమ్."

"నివేదిక చూశాను. కూర్చోవడం సగానికి తగ్గించారట?"

"సగం దాటి దిగాం మేడమ్. ఇంక దిగడానికి నేలే ఉన్నది."

"అద్భుతం! మిగతా పట్టణాల్లో పదోవంతు కూడా కాలేదు. ఇంత త్వరగా ఎలా సాధించారు?"

"రంపంతో మేడమ్."

ఆమె నవ్వింది. "అంటే మొహమాటం లేకుండా కోసేశారన్నమాట. పాత అలవాటు కదా, ఎదురు తిరగలేదా?"

"కొంచెం తిరిగింది మేడమ్. పాత టేకు. రెండు రంపాలు విరిగాయి."

వైదేహి గారికి ఏదో అడగాలనిపించింది. ఈలోగా మున్సిపల్ చైర్మన్ గారి ప్రసంగం మొదలైంది. ఆయన హృదయానికీ పట్టణానికీ గల సంబంధం గురించి మాట్లాడారు. పట్టణానికీ తనకూ గల సంబంధం గురించి ఇంకా ఎక్కువ మాట్లాడారు. గడియారం ముల్లు జరుగుతోంది. ఓబులేసు గంగిరెడ్డి వైపు చూసి కళ్ళతోనే బతిమాలాడు. గంగిరెడ్డి కళ్ళతోనే చెప్పాడు: సభ అయ్యేదాకా ఎవర్నీ లేపొద్దన్నారు.

చిట్టచివరికి వ్యాఖ్యాత అన్నాడు. "ఇప్పుడు జాతీయ గీతం. అందరూ లేచి నిలబడవలసిందిగా ప్రార్థన."

మైకులో గీతం మొదలైంది. హమాలీలిద్దరూ ఉన్నచోటనే సావధానంగా, బాణాల్లా నిలబడిపోయారు. గంగిరెడ్డికి దేశభక్తి జాస్తి. అతను ఇప్పుడు కనురెప్ప కూడా కదపడు.

వేదిక మీద నాలుగు నెత్తులు ఒక్కసారి పైకి లేచాయి. కిందికి పడ్డాయి. మళ్ళీ లేచాయి, పడ్డాయి. బల్ల అంచు మీద ఒక చెయ్యి కనిపించి, జారి మాయమైంది.

ఓబులేసు ఆలోచించలేదు. ఆలోచిస్తే లేచేవాడు కాదేమో. చెక్కభజనలో గొంతుక్కూర్చుని లేచే అడుగు ఒకటుంది. మడమలు వెనక్కి, బరువు ముందుకు, నడుము మీద నమ్మకం. ఒళ్ళే ఆ అడుగు వేసింది. ఇన్నాళ్ళూ వరండాలో తిరిగిన కాళ్ళు ఆ ఒంటిని పైకి పట్టుకెళ్ళాయి. నిటారుగా నిలబడ్డాడు. పక్కన మస్తానయ్య ఒకసారి ఊగి, తనూ లేచాడు. వెనక ఒకరు, ఆ వెనక ఇద్దరు, ఆ తర్వాత వరసకు వరస. గీతం సగానికి వచ్చేసరికి వీరభద్రపట్నంలోని ముసలివాళ్ళందరూ నిలబడి ఉన్నారు. అధికారులందరూ కూర్చుని ఉన్నారు.

గీతం ముగిసింది. గంగిరెడ్డి కదిలాడు. "ముందు ఎవుర్ని లేపేయమంటారు సార్?"

"మేడమ్‌ని!" అన్నది బల్ల వెనకనుంచి కమిషనర్ గొంతు. "గౌరవంగా!"

"హైస్సా!"

నేలకు దించాక వైదేహి గారు చీర సర్దుకుని, సోఫాను వంగి చూశారు. కుర్చీలను చూశారు. నేల మీద మిగిలిన రంపపు పొట్టును చూశారు. "ఏ మూర్ఖుడు కోయమన్నాడు వీటిని?"

పరంధామం గారు రెండు చేతులతో ఉత్తర్వు అందించారు. ఆమె చదివింది. 'వీలైనంత తక్కువగా' దగ్గర ఆగింది. ఒకే ఒక్క చిన్న మాట అక్కడ లేదని ఆమెకు తెలిసిపోయింది. కింద సంతకం దాకా వెళ్ళింది. సంతకం తనదే.

ఓబులేసుకు లోపల ఒక ఆశ లేచింది. ఇప్పుడనేస్తుంది, తప్పు జరిగిందని.

వైదేహి గారు గొంతు సవరించుకున్నారు. "చూశారా! లేవలేని వృద్ధులు సైతం తమంతట తాము లేచారు. ఈ ఉత్తర్వులోని ఆంతర్యం ఇదే. వీరభద్రపట్నం నమూనాను రాష్ట్రమంతటా విస్తరిస్తున్నాను."

చప్పట్లు మోగాయి. పరంధామం గారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వెంటనే ఓబులేసు చేతిలో మైకు పెట్టారు. "లబ్ధిదారుని స్పందన! ఈ కుర్చీ వల్ల మీరు పొందిన మేలు వివరంగా..."

ఓబులేసు గడియారం వంక చూశాడు. "కూర్చుంటే లేవలేమని మేం కూర్చోల్యా. అంతే మేడమ్. నాకు బస్సు టైమయింది."

మైకు మస్తానయ్య చేతిలో పెట్టి బయటపడ్డాడు. గేటు దగ్గర ఆటోవాడు పిలిచాడు. "రా పెద్దాయనా, కూర్చో!"

"ఆ మాట మాత్రం అనొద్దప్పా" అని ఓబులేసు నడక అందుకున్నాడు.

ఆస్పత్రి ముందు డాక్టరు కారు తలుపు తీస్తూ ఉన్నాడు. రొమ్ముమీద రిబ్బనుతో వస్తున్న మనిషిని చూసి వెనక్కి తిరిగాడు. ఓబులేసు లోపల ట్రెడ్‌మిల్ మిషను ఎక్కాడు. పట్టా కదిలింది. వేగం పెంచారు, ఎత్తు పెంచారు. మట్టిరోడ్డు మీద, బ్రేకులు సరిగా లేని బస్సులో టికెట్లు కొట్టిన కాళ్ళకు అదొక లెక్కా? దిగేసరికి చెమట పట్టింది, అంతకుమించి ఏమీ కాలేదు.

డాక్టరు కాగితం పైకెత్తి రెండుసార్లు చూశాడు. "ఏం చేశారు మీరు?"

"నేనేం చేయల్యా సార్. గవర్నమెంటు చేసింది."

డాక్టరు అనుమానంగా చూసి, ఇంకోసారి బీపీ తీశాడు.

నవమినాడు చెన్నమ్మ బొడ్లోంచి తాళంచెవి తీసింది. చెక్కల్ని కొంగుతో తుడిచి చేతికిచ్చింది. "చిన్నగా ఆడు" అంది. ఓబులేసు చిన్నగా ఆడలేదు. గొంతుక్కూర్చుని లేచే అడుగు వచ్చినప్పుడల్లా జనం ఈలలు వేశారు. రెండో వరసలో కదిరప్ప ఎప్పట్లాగే ఒక అడుగు వెనక ఉన్నాడు.

ఎండలు తగ్గి వానలు మొదలైనప్పుడు సవరణ ఉత్తర్వు వచ్చింది. ఈలోగా రాష్ట్రంలో రంపాలు దొరకడం కష్టమైందని చెప్పుకున్నారు. సవరణ పొట్టిగా ఉంది: "'తక్కువగా' అనుచోట 'తక్కువసేపు' అని చదువుకొనవలెను."

ఓబులేసు సంతోషించాడు. కుర్చీలకు ఇనప గొట్టాలతో మళ్ళీ కాళ్ళు అతికించారు. ఆ మర్నాడు మందిరానికి వెళ్తే గేటుకు తాళం వేలాడుతోంది. పరంధామం గారు స్వయంగా అంటించిన నోటీసు ఉంది. కూర్చొను సేపును సగమునకు తగ్గించుటలో భాగంగా ఇకపై మందిరం మధ్యాహ్నం వరకు మూసి ఉండును. మిగతా సగం రెండో దశలో.

తెరిచి ఉన్న సగం పూట కూడా మస్తానయ్య రావడం మానేశాడు. నాలుగు రోజులు చూసి, ఐదో రోజు పొద్దున ఓబులేసు చంకలో గోనెసంచి పెట్టుకుని అతని ఇంటికెళ్ళాడు.

మస్తానయ్య టీవీ ముందు, మెత్తటి కొత్త సోఫాలో మునిగిపోయి ఉన్నాడు. బెల్టు మేకుకు వేలాడుతోంది.

"రాప్పా, కూర్చో" అన్నాడు.

ఓబులేసు కూర్చోలేదు. సంచిలోంచి రంపం తీశాడు. మున్సిపాలిటీ వాళ్ళు మందిరంలో వదిలేసి పోయింది.

"కాళ్ళు చూపియ్" అన్నాడు.

మస్తానయ్య కంగారుగా కాళ్ళు పైకి ముడుచుకున్నాడు. "ఎవురివిరా? నావా, సోఫావా?"